రిపోర్టులో నేను చదవని వాక్యం

తొమ్మిదేళ్ల కిందట పాకాల దగ్గర ఒక ఊళ్లో, ఒక ఇంటి వసారాలో కూర్చుని, ఇంగ్లీషులో ఉన్న ఒక కాగితాన్ని ఆ ఇంటివాళ్లకు తెలుగులో చదివి వినిపించాను. అందులో ఒక వాక్యం చదవలేదు. మరో వాక్యాన్ని మార్చి చదివాను. ఈ సంగతి నా భార్యకు తెలియదు. ముప్పై ఏళ్లు నా పక్క కుర్చీలో పనిచేసినవాళ్లకూ తెలియదు. ఆ బరువుతోనే తిరిగాను, తిన్నాను, పదవీ విరమణ సభలో శాలువా కప్పించుకున్నాను. ఇక మోయలేక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నేను తిరుపతిలో ఒక దినపత్రికలో ఉండేవాణ్ణి. జిల్లా పేజీలు చూసేవాణ్ణి. పల్లెల నుంచి విలేకరులు పంపే వార్తలు దిద్దడం, శీర్షికలు పెట్టడం, వారానికోసారి ఏదో ఒక ఊరికి పోయి కథనం రాయడం నా పని. మాకు ఒక అలవాటు ఉండేది. ఊరికి బయలుదేరే ముందే శీర్షిక అనుకునేవాళ్లం. బస్సులో కూర్చునేసరికి అది మనసులో అచ్చయిపోయి ఉండేది. ఆ తర్వాత ఊళ్లో మనకు కనిపించేదీ వినిపించేదీ దానికి సరిపోయేదే. ఇది తప్పని ఎవరూ అనుకోలేదు. పని త్వరగా అయ్యేది.

ఆ వారం నేను అనుకుని పోయిన శీర్షిక 'మేనరికం మిగిల్చిన శోకం'.

పేర్లు మార్చి చెబుతాను. రెడ్డెమ్మకు అప్పుడు ఇరవై మూడేళ్లు. భర్త మునిరత్నం ఆమెకు సొంత మేనమామ, అంటే తల్లి గంగమ్మకు తమ్ముడు. అతను మామిడి తోటలు కౌలుకు తీసుకుని కాయ అమ్మేవాడు. వాళ్లకు ఒక్కడే కొడుకు, చరణ్, నాలుగేళ్లవాడు. తల వయసుకు మించి పెద్దది. కాళ్లు కట్టెల్లా బిగుసుకుని ఉండేవి. మాట లేదు. రెండు చేతుల బొటనవేళ్లూ అరచేతిలోకి మడుచుకుని ఉండేవి. రెడ్డెమ్మ స్నానం చేయించేటప్పుడు ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పి, లోపల చెమట కడిగేది. చేయి వదలగానే అవి మళ్లీ లోపలికి పోయేవి.

కథనం కోసం పోయిన రోజు గంగమ్మ నాతో ఒక మాట అంది. తనకూ ఇద్దరు మగబిడ్డలు పుట్టి, తల పెద్దదై, ఏడాది తిరక్కుండా పోయారని. ఆడబిడ్డలిద్దరే దక్కారని. నేను ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. కథనంలో వేయలేదు. గంగమ్మది మేనరికం కాదు. ఆమె భర్త బయటివాడు. ఆమె మాట పెడితే నా శీర్షిక నిలబడదు. అంత స్పష్టంగా ఆలోచించానా? లేదనే అనుకుంటాను. చేయి దానంతటదే ఆ పేజీ తిప్పేసింది. చేయి దానంతటదే చేసే పనులకు బాధ్యత ఎవరిది?

కథనం పేజీ నిండా వచ్చింది. చాలామంది ఫోన్లు చేశారు. ఒక అధికారి సమావేశంలో చదివి వినిపించారు. ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లో దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించారు. మేనరికాలు వద్దని జరిగిన సభల్లో నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. నేను మాట్లాడాను. బాగా మాట్లాడాను.

ఆ కథనం చదివే ఒక డాక్టరమ్మ ఆఫీసుకు ఫోన్ చేసింది. చిత్తూరు వైపు ఆడపడుచు. బెంగళూరులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. ఆ బొటనవేళ్ల సంగతి రాశారు కదా, అది చూసి ఫోన్ చేస్తున్నానంది. బిడ్డ రక్తం, తల్లి రక్తం పంపితే పరీక్ష చేస్తామంది. నేనే దగ్గరుండి పంపించాను. ఫలితం నా చిరునామాకు రావాలని నేనే చెప్పాను. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివేవాళ్లు లేరు.

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. ఆ రోజే ఆమె ఫోన్లో నాకు అరగంట విడమరిచి చెప్పింది. నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మెదడులోని నాడీకణాలు సన్నటి పోగులను బయటికి చాస్తాయట. ఆ పోగులు చాలా దూరం పోవాలి. కొన్ని మెదడు కుడిసగం నుంచి ఎడమసగానికి దాటాలి. కొన్ని మెదడు నుంచి దిగి వెన్నుపాములోకి పోవాలి. పోయే దారి వాటికి ఎట్లా తెలుస్తుంది? కణం పైపొర మీద ఒక ప్రోటీన్ బయటికి పొడుచుకుని ఉంటుంది. అది పక్క కణాలను తడుముతుంది, పట్టుకుంటుంది, ఇటు సాగు, ఇక్కడ ఆగు అని కణం లోపలికి సంకేతం పంపుతుంది. చరణ్ శరీరంలో ఆ ప్రోటీన్ సరిగా తయారు కావడం లేదు. పోగులు చేరవలసిన చోటికి చేరలేదు. మెదడులో ఊరే నీరు బయటికి పోక, లోపలే నిలిచి తల పెరిగింది. కాళ్ల బిగువూ, వేళ్ల మడతా దాని గుర్తులే.

ఆ తర్వాత ఆమె కాస్త ఆగి, "మీరు రాసింది ఈ బిడ్డ విషయంలో నిజం కాదండీ" అంది. గొంతులో నింద లేదు. మేనరికంతో వచ్చే జబ్బులు చాలా ఉన్నాయనీ, ఇది వాటిలో లేదనీ చెప్పింది. ఆ ప్రోటీన్‌ను తయారుచేయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్లకు ఎక్స్ రెండు. ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. మగబిడ్డకు ఉండేది ఒకటే, అది తల్లి నుంచి వచ్చేదే. రెడ్డెమ్మకు పుట్టే ప్రతి మగబిడ్డకూ ఇది వచ్చే అవకాశం సగం. కడుపులో ఉండగానే పరీక్ష చేసి చూడొచ్చు. ఆడపిల్లలు మామూలుగానే ఉంటారు. కానీ వాళ్లలో సగం మంది దీన్ని తర్వాతి తరానికి మోస్తారు. రిపోర్టు చివర ఒక వాక్యం విడిగా రాసి ఉంది. తల్లి అక్కచెల్లెళ్లు బిడ్డను కనాలనుకునే ముందు తప్పనిసరిగా ఈ పరీక్ష చేయించుకోవాలి అని.

అందరినీ ఒకసారి బెంగళూరుకు తీసుకురండి, నేను కూర్చోబెట్టి చెబుతాను, అంది. తప్పకుండా, అన్నాను.

ఆ ఆదివారం పొద్దున పాకాల బస్సెక్కాను. దారి పొడవునా ఆలోచించాను. ఇప్పుడు నేనేం చేయాలి? పత్రికలో రెండు లైన్ల సవరణ వేయాలి. గోడల మీద అద్దాలు దించమని చెప్పాలి. వేదికల మీద మాట్లాడిందంతా ఈ ఇంటికి వర్తించదని ఒప్పుకోవాలి. బస్సు దిగేసరికి నేనేం చదవబోతున్నానో నాకు తెలుసు. ఈసారి కూడా ముందే అనుకుని పోయాను.

మునిరత్నం మంచం వాల్చాడు. రెడ్డెమ్మ బిడ్డను ఒళ్లో వేసుకుని స్తంభానికి ఆనుకుంది. ఆమె చెల్లెలు హేమ, డిగ్రీ చదువుతున్న పిల్ల, తలుపు దగ్గర నిలబడింది. గంగమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.

"పేపరు సారు ఇంత దూరం వచ్చినాడంటే మంచి మాటే తెచ్చింటాడు" అంది గంగమ్మ.

"నువ్వు రవంతసేపు గమ్మునుండక్కా. నీ బిడ్డను నాకు కట్టబెట్టేటప్పుడు వాగినావు సూడు, అది సాలు" అన్నాడు మునిరత్నం.

"నేను కట్టబెట్టినానా? రెడ్డెమ్మను బయటోళ్లకిస్తే ఊరిడిసి పోతానని నా ఇంట్లో కూడు తినకుండా కూసున్నోడు ఎవుర్రా?"

అందరూ నవ్వారు. రెడ్డెమ్మ కూడా నవ్వింది. నేను కాగితం మడత విప్పాను. నవ్వు ఆగింది.

"నా బిడ్డకు ఎందుకిట్లయిందో అందులో ఉండాదా సార్?" అని రెడ్డెమ్మ అడిగింది.

ఉందన్నాను. ప్రోటీన్ సంగతి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. పోగులు, దారి, నిలిచిపోయిన నీరు, అన్నీ. వాళ్లు కళ్లార్పకుండా విన్నారు. అంత బాగా నా మాట విన్నవాళ్లు నాకు ఎప్పుడూ దొరకలేదు.

"అది ఎట్ల వచ్చింది సార్, ఈ బిడ్డకే?" అన్నాడు మునిరత్నం.

"మీ ఇద్దరి నుంచీ వచ్చింది. మీది ఒకే రక్తం కదా. నేను పేపర్లో రాసిందే ఇందులోనూ ఉంది. మళ్లీ పుట్టే బిడ్డలకూ రావచ్చు."

"అంటే ఇద్దరిదీ."

"ఇద్దరిదీ."

అతను భార్య వైపు తిరిగాడు. "సూస్తివా మే, నీ ఒక్కదానిదే కాదంట. ఊళ్లో ఆడోళ్లు వాగేది ఇంక కట్టిపెట్టాల."

రెడ్డెమ్మ కళ్లు తుడుచుకుంది. ఆమె భుజాలు కొంచెం కిందికి దిగడం నేను చూశాను.

గంగమ్మ నా దగ్గరికి జరిగింది. "సార్, సిన్నదానికి సమ్మందాలు సూస్తా ఉండాం. మా వరసలో ఒకటుండాది. పలమనేరు తట్టు బయటిది ఒకటి వచ్చింది. యాడికియ్యమంటారు?"

"బయటికే ఇవ్వండమ్మా. బంధుత్వం లేకుంటే ఏ భయమూ లేదు."

తలుపు దగ్గర నుంచి హేమ అడిగింది. ఆ రోజంతా ఆమె మాట్లాడింది అదొక్కటే.

"కాగితంలో అట్లే ఉండాదా సార్?"

"అట్లే ఉంది" అన్నాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. భద్రంగా నా దగ్గరే ఉంచుతానని చెప్పాను. వాళ్లు దండం పెట్టారు.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నకు నేను తొమ్మిదేళ్లలో చాలా జవాబులు తయారుచేసుకున్నాను. మొదటి జవాబు రెడ్డెమ్మ. తల్లి నుంచి వచ్చిందని చెబితే ఆ పిల్లను ఊరు బతకనివ్వదు, మొగుడు ఇంకో పెళ్లి చేసుకుంటాడు, ఆమెను కాపాడాను అనుకున్నాను. ఆమె భుజాలు దిగిన ఆ క్షణాన్ని పట్టుకుని చాలా ఏళ్లు నిద్రపోయాను. కానీ మునిరత్నం ఇంకో పెళ్లి మాట ఎప్పుడైనా ఎత్తాడా? నా ముందు ఎత్తలేదు. పైగా ఆ ఇంట్లో తల్లి వైపు అంటే ఎవరి వైపు? మునిరత్నం పుట్టిన ఇల్లే కదా. నింద వేయాలంటే అతను తన అక్క మీద, తన తల్లి మీద వేసుకోవాలి. మేనరికాల మీద అన్ని సభల్లో మాట్లాడిన నాకు ఆ చిన్న సంగతి తట్టలేదంటే నేనే నమ్మలేను. రెండో జవాబు, మేనరికాలు తగ్గించే మంచి పని చెడిపోతుందని. అదీ కొంత నిజమే, అందుకే దాని వెనుక దాక్కోవడం సులువైంది. మూడోది నా పేరు. గోడల మీద అద్దాల్లో ఉన్న నా పేరు. అప్పట్లో ఈ మూడింటినీ ఇదే వరసలో చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు వరస తిరగబడింది.

డాక్టరమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. వాళ్లు రామన్నారని చెప్పాను. మూడోసారి ఆమె చేయలేదు.

రెడ్డెమ్మ ఆ ఏడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. ఎవరు పుట్టినా ఇట్లే పుడతారని వాళ్లు అనుకున్నారు. అనుకునేటట్టు చెప్పింది నేను. చరణ్ ఆరేళ్లు నిండకుండా పోయాడు. ఆ కబురు మా పాకాల విలేకరి చెప్పాడు. రెండు ముక్కలు వేద్దామా సార్ అని అడిగాడు. వద్దన్నాను.

హేమను పలమనేరులో ఇచ్చారు. పెళ్లిపత్రిక నాకు పంపారు. దాని మీద నా పేరు పక్కన 'గారు' అని ఎర్ర సిరాతో రాశారు. నేను పోలేదు. ఏడాదికి ఆడబిడ్డ పుట్టిందని తెలిసింది. చక్కగా ఉందట. ఆ రోజు నేను మిఠాయి కొని ఇంటికి తీసుకుపోయాను. ఎందుకని నా భార్య అడిగితే ఊరికే అన్నాను. ఆడబిడ్డ బాగుండడంలో వింతేమీ లేదనీ, అది దేనికీ రుజువు కాదనీ నాకు తెలుసు. అయినా మిఠాయి తిన్నాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. రెండో బిడ్డకు ఇంకా మూడేళ్ల వ్యవధి ఉంది. తిరుపతి నుంచి పలమనేరుకు రోజంతా బస్సులుంటాయి.

మొన్న వేసవిలో మునిరత్నం ఫోన్ చేశాడు. నా నంబరు ఇంకా దాచుకుని ఉన్నాడు. హేమకు రెండో కాన్పులో కొడుకు పుట్టాడనీ, వాడికి మూడేళ్లనీ, అచ్చం చరణ్ మాదిరే ఉన్నాడనీ చెప్పాడు. హేమ మొగుడు ఇది మీ ఇంటి రోగమని చెప్పి వేరే పోయాడట. ఏ పరీక్షా లేకుండా, ఏ కాగితమూ చూడకుండా అతను ఆ మాట అనేశాడు. నేను ఏ నింద నుంచి ఒకామెను కాపాడానని అనుకున్నానో, అది ఆమె చెల్లెలి మీద పడింది.

"మీరు సెప్పినట్టే బయటే ఇచ్చినాం గద సార్" అన్నాడు మునిరత్నం. తప్పు పడుతున్న గొంతు కాదది. నిజంగానే అర్థం కాక అడుగుతున్నాడు. "అప్పుడు బెంగుళూరుకు రక్తం పంపినారే, ఈ పిల్లోడిది గూడా పంపండి సార్. ఎందుకిట్లయిందో తెలుసుకోవాల."

పంపనక్కర్లేదు. జవాబు నా బీరువాలో ఉంది.

నాలుగు రోజులు ఎటూ పోలేదు. ఐదో రోజు రిపోర్టు తీసి మొత్తం తెలుగులో రాశాను. ముప్పై ఏళ్లు ఇతరుల వాక్యాలు దిద్దినవాణ్ణి, ఆ రెండు పేజీలు రాయడానికి పొద్దున కూర్చుంటే మధ్యాహ్నమైంది. మర్నాడు పలమనేరు పోయాను.

హేమ ఒక పాల కేంద్రంలో పని చేస్తోంది. చిన్న అద్దె ఇల్లు. కూతురు బడికి పోయింది. కొడుకును గోడవారగా దిండ్ల మధ్య కూర్చోబెట్టి ఉంది. నేను వాడి చేతుల వైపు చూడకుండా ఉండాలనుకున్నాను. చూశాను. నిలబడే చెప్పాను. కూర్చోమని ఆమె అనలేదు, అనే వ్యవధి నేనివ్వలేదు. రాసింది చేతికిచ్చాను. ఆమె రెండుసార్లు చదివింది.

"ఆ పొద్దు అడిగినా గద సార్ మిమ్మల్ని" అంది.

"అడిగావమ్మా."

"ఆ మాట అప్పుడే సెప్పింటే, నేను వీణ్ణి కనకపోదునా?"

ఆమె కాగితం మడత పెట్టింది.

"ఏమో. కందునేమో. కనకపోదునేమో. నాకు తెలీదు సార్. అది నేను అనుకోవాల్సిన మాట. నన్ను అనుకోనీలేదు మీరు."

కూతురి సంగతి చెప్పాను. ఆ పిల్ల దీన్ని మోస్తూ ఉండే అవకాశం సగమని, పెద్దయ్యాక పరీక్ష చేయించాలని. రాసిన దాంట్లో ఉందని. హేమ కాగితాన్ని బియ్యం డబ్బా కింద పెట్టి, కొడుకు మూతి తుడిచింది. క్షమించమని నేను అడగలేదు. అడిగే ముఖం లేక కాదు. అడిగితే ఆమెకు ఇంకో పని అప్పగించినట్టవుతుందని.

నేను మెట్టు దిగుతుంటే, "అక్కకు నేను సెప్పలేను. మీరే పోయి సెప్పండి" అంది.

అదే రోజు మధ్యాహ్నం పాకాల దిగాను. మునిరత్నం తోటకు పోయి ఉన్నాడు. గంగమ్మ ఇప్పుడు బతికి లేదు. రెడ్డెమ్మ ఒక్కతే వసారాలో చింతపండు గింజ తీస్తోంది. జుట్టు ముందు వైపు నెరిసింది. ఇంకా ముప్పై మూడేళ్లు రాలేదు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. వాక్యం మార్చానని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. గింజలు ఒకవైపు, పండు ఒకవైపు పడుతూనే ఉన్నాయి. తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది, అందులోనూ నా స్వార్థమే ఉంది.

చెప్పడం అయిపోయాక తేలికైందా అని మీరు అడగవచ్చు. అయింది. దాచే పని ఇక లేదు కదా. ఆ తేలిక నాకు సిగ్గుగా ఉంది. ఎందుకంటే అది నా ఒక్కడికే దక్కింది.

గింజ తీయడం ఆపి రెడ్డెమ్మ తలెత్తింది.

"అయితే ఆడబిడ్డ పుట్టింటే బాగుండేదా సార్?"

"బాగుండేదమ్మా" అన్నాను.

ఆ ఇంట్లో అడిగిన ప్రశ్నకు నేను ఏదీ దాచకుండా చెప్పిన మొదటి జవాబు అది.